తొమ్మిది రోజుల పాప

ముప్పై ఒక్క ఏళ్ళలో మా బావ తన చేతులతో పాతిపెట్టినవాళ్ళందర్నీ మళ్ళీ ఆయనే పైకి తీయవలసి వచ్చింది. కొత్త రోడ్డు సరిగ్గా మా సమాధుల తోట మధ్య నుంచి వెళ్తుందని కాగితాలు వచ్చాయి. బదులుగా ఊరి బయట కొండవాలున అంతే స్థలం ఇచ్చారు. మూడు వందల పన్నెండు సమాధులు, నలభై రోజుల గడువు. చర్చి సంఘంలో కొందరు గొడవ చేశారు, కొందరు ఏడ్చారు, చివరికి అందరూ మా బావ వైపు చూశారు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "లేపడం నా పని కాదు. పక్క మార్చమంటే మారుస్తాను," అన్నాడు.

ఊళ్ళో ఆయన్ని గునపం అంటారు. మనిషి కూడా అలాగే ఉంటాడు, సన్నగా, నిటారుగా. మాట అంటే నేలలో దిగాల్సిందే. నేను పురపాలక కార్యాలయంలో జనన మరణాల విభాగంలో గుమస్తాను. ఏ సమాధిలో ఏం దొరికింది, ఏ పెట్టెలో పెట్టారు, కొత్త చోట ఎక్కడ పూడ్చారు అని రిజిస్టరు రాయడానికి నన్నే పంపారు. "మరదలు పిల్ల ఇన్నాళ్ళకు బావ వెంట తిరుగుతోంది," అని పెట్టెలు చేసే వడ్రంగి నవ్వాడు. నలభై ఏడేళ్ళ పిల్లని అని గుర్తుచేశాను.

మొదటి వారం నాకు అన్నం సయించలేదు. తర్వాత అలవాటైంది. అలవాటు అనడం కూడా తప్పే, ఆ పనిలో ఒక పద్ధతి కనిపించసాగింది. మూడున్నర అడుగుల దాకా పార. అక్కడి నుంచి చేతి తాపీ. ఇంకా కిందికి వెళ్ళాక, గోడలకు సున్నం వేసే కుంచె. చెక్క పొడి అయిపోయి గోధుమరంగు గీతలా మిగిలేది. మేకులు, పిడులు తుప్పుపట్టి అలాగే ఉండేవి. ఎముకలు టీ రంగులోకి తిరిగి ఉండేవి. బావ ఒక్కొక్కటి రెండు చేతులతో తీసి, పాదాల నుంచి మొదలుపెట్టి తల దాకా, వరస తప్పకుండా పెట్టెలో అమర్చేవాడు. ఆయన చేతుల్లో ఏదీ చప్పుడు చేయలేదు.

ఒకరోజు ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కనున్న రెండు సమాధుల్లో తమ తండ్రిది ఏదని పోట్లాడుకున్నారు. రాళ్ళ మీద పేర్లు ఎప్పుడో అరిగిపోయాయి. బావ ఒక తొడ ఎముక చూపించాడు, మధ్యలో విరిగి అతుక్కున్న గుర్తుంది. పరంజా మీద నుంచి పడి ఏడాది కుంటుతూ తిరిగింది మీ నాన్నే కదా అన్నాడు. వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఇంకో రోజు బట్టలు కుట్టే ముసలామె తన భర్త కోసం వచ్చింది. ఏడుస్తుందేమోనని మేమంతా బిగుసుకుని నిలబడ్డాం. ఆమె కాలి ఎముక చూసి, "అబ్బ, ఎంత పొడుగు మనిషో. ప్యాంటు గుడ్డ ఎప్పుడూ చాలేది కాదు," అని పకపకా నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది.

రోడ్డు పనిమీద ఒక ఇంజనీరమ్మ రోజూ వచ్చేది. చిన్న వయసు, పెద్ద టోపీ, మంచి మనసు. బావ గంటల తరబడి వంగి కూర్చోవడం చూసి జాలిపడి, అంత జాగ్రత్త ఎందుకని అడిగింది. ప్రాణం వెళ్ళిపోయాక మిగిలింది విప్పేసిన పాత చొక్కాయే కదా అంది. బావ తలెత్తలేదు.

"చొక్కానైతే తల్లి ముద్దుపెట్టుకోదమ్మా," అన్నాడు.

నిజం చెప్పాలంటే నేనూ ఆ ఇంజనీరమ్మలాగే అనుకునేదాన్ని. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్ళినదాన్నే. కానీ ఈ లోకం రైలు వచ్చేదాకా కూర్చునే ప్లాట్‌ఫారం లాంటిదని, ప్రాణం పోగానే మనం ఎక్కి వెళ్ళిపోతామని, ప్లాట్‌ఫారం ఏమైపోతే మనకేమిటని నా ఆలోచన. బావ మట్టి జల్లెడ పడుతూ, అది కాదనేవాడు. మనం వెళ్ళిపోవడం కాదు, ప్రభువు రావడం అనేవాడు. చేసినదాన్ని పారేసేవాడు కాదు ఆయన. ఆకాశమూ కొత్తదవుతుంది, నేలా కొత్తదవుతుంది, ఆ నేలమీద వీళ్ళు లేచి నిలబడతారు, కాళ్ళూ చేతులూ ఉన్న మనుషులుగా. అందుకే తలలు పడమటికి పెట్టి పూడుస్తాం, లేచి కూర్చోగానే ఎదురుగా తూర్పు ఉండాలని. ఇదంతా ఆయన రేపు సంతకు వెళ్ళాలన్నంత మామూలుగా చెప్పేవాడు. అన్నేళ్ళూ ప్రతి గోతి దగ్గరా ఏడ్చేవాళ్ళకు చెప్పిన మాటే. నేను సరేనని తలూపి అంకెలు రాసుకునేదాన్ని.

ప్రహరీగోడ వెంబడి పసిపిల్లల వరస ఉంది. బావ దాన్ని చివరికి అట్టేపెట్టాడు. అందులో తొమ్మిదో గొయ్యి ఆయన కూతురిది.

ఇరవై ఆరేళ్ళ కిందట మా అక్కకు పుట్టిన మొదటి బిడ్డ, చివరి బిడ్డ కూడా. తొమ్మిది రోజులు బతికింది. అక్కకు అప్పుడు ఒళ్ళెరగని జ్వరం. బిడ్డ పోయిన పూట ఆమెను మంచం మీద నుంచి లేవనివ్వలేదు. పెట్టె చేయించే వ్యవధి కూడా లేదు. బావ బిడ్డను అక్క పాత చీరలో చుట్టుకుని ఒక్కడే వెళ్ళి, గొయ్యి తవ్వి, ఒక్కడే తిరిగొచ్చాడు. అక్క ఆ తోటలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. పైగా వెళ్ళి ప్రసూతి వార్డులో ఆయాగా చేరింది. పాతికేళ్ళుగా ఊళ్ళో పుట్టిన పిల్లల్లో సగం మందికి మొదటి స్నానం ఆమే చేయించింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ముప్పై ఎనిమిదో రోజు ఉదయం బావ తొమ్మిదో గొయ్యి మొదలుపెట్టాడు. పార వద్దని మొదటి నుంచీ తాపీతోనే తవ్వాడు. అంతకుముందు ఎనిమిదింటిలో ఏదో ఒకటి దొరికింది, పెట్టె మేకులో, పూసల దండో, గోరంత ఎముకలో. ఇక్కడ గోడ అవతల మురుగుకాలవ. ఏళ్ళ తరబడి చెమ్మ దిగి మట్టి మెత్తగా ఉంది. నాలుగడుగుల దాకా వెళ్ళాడు. తీసిన మట్టి అంతా జల్లెడ పట్టాడు. మళ్ళీ పట్టాడు. మూడోసారి జల్లెడ వదిలేసి, మట్టిని పిడికెడు పిడికెడుగా వేళ్ళతో నలిపి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అది నేను చూడని సంగతి.

గోతి అడుగున కుంచె పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఏమీ లేదు," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

రిజిస్టరులో 'దొరికినవి' అని ఒక గడి ఉంది. దానిమీద కలం పెట్టి రాయలేకపోయాను. ఇంజనీరమ్మ మెల్లగా, ఇంత చిన్నపిల్లలకు ఇలా జరుగుతుందని, 'లేదు' అని రాసి ముందుకు వెళ్ళవచ్చని చెప్పింది. బావ ఆ మాట విన్నాడో లేదో. అన్నాళ్ళూ అందరికీ మాట ఇచ్చిన మనిషి, తన వంతు వచ్చేసరికి చేతిలో చూపించడానికి ఒక గోరుముక్క కూడా లేకుండా కూర్చున్నాడు.

అక్క ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు. డ్యూటీ దిగి, వార్డు చీరతోనే వచ్చి, గోతి ఒడ్డున నిలబడి ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి నిచ్చెన మీదుగా దిగింది. బావ జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద ఉన్నారు, నడుమ వట్టి నేల. మిట్టమధ్యాహ్నం కావడంతో ఎండ నిలువునా గోతిలోకి పడుతోంది.

చాలాసేపు అలాగే ఉన్నారు. అప్పుడు అక్క చెయ్యి ఎత్తి, "కదలకండి," అంది.

ఎండకు గోతి అడుగు ఆరుతోంది. చుట్టూ మట్టి పాలిపోయి బూడిదరంగుకు వస్తోంది. మధ్యలో ఒక్కచోట రంగు మారలేదు, నల్లగా అలాగే ఉండిపోయింది. ముందు నాకేమీ తెలియలేదు. ఆరేకొద్దీ దానికి అంచులు తేలాయి. మూరెడు పొడవు. ఒకవైపు గుండ్రంగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత వంపు. ఎవరో నెమ్మదిగా నీడను నేలమీద పరుస్తున్నట్టు అది మా కళ్ళముందే తయారైంది. ఇంజనీరమ్మ టోపీ తీసేసింది.

అక్క తాకలేదు. పైన గాలిలోనే చెయ్యి జరుపుతూ, తల ఇది, వీపు ఇది, మోకాళ్ళు ఇవి అని, వార్డులో పసికందును కొలిచే ఆయాలా చూసుకుంటూ వెళ్ళింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పక్కకి తిరిగి పడుకుంది," అంది.

బావ గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "వెల్లకిలా పడుకోబెట్టలేకపోయాను. ఇంట్లో ఎప్పుడూ నీ వైపు తిరిగి పడుకునేది కదా. అలాగే తిప్పి పెట్టాను. నీకు చెప్పలేదు."

ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి వాళ్ళు మాట్లాడుకోని మాట అది. మట్టి దాచిపెట్టి, అడగకుండానే చెప్పింది. అక్క ఏడవలేదు. ముందుకు వంగి, ఆ నల్లటి మట్టికి జానెడు దూరంలో నుదురు నేలకానించి, ఊపిరి పీల్చుకుంది.

బావ భయంభయంగా అడిగాడు. "దీన్లో పాప ఏది, మట్టి ఏది? ఎలా వేరు చేస్తాం?"

"మనం చెయ్యలేం," అంది అక్క లేవకుండానే. "దేవుడికి తెలుసు. మొట్టమొదట మనిషిని చేసినప్పుడు మాత్రం ఆయన చేతిలో ఇంతకంటే ఏముందండీ?"

నేను ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, మట్టి తీసుకుని మనిషిని చేశాడని. బడిలో చెప్పిన ఎక్కంలా విన్నాను. ఆ మధ్యాహ్నం మొదటిసారి నా కాళ్ళ కింది మట్టిని వంగి చూశాను. తోటంతా తవ్విపోసిన కుప్పలున్నాయి, నెల పైగా నా చెప్పులకు అంటించుకుని ఇంటికి తీసుకెళ్ళి దులిపేస్తున్నది అదే. నిలబడ్డ చోట నుంచి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

ఆ తర్వాత పని చెప్పింది ఇంజనీరమ్మే. చేత్తో ఎత్తితే చెదిరిపోతుంది, చుట్టూ కోసి దిమ్మలా లేపుదామంది. తన బండిలోంచి పలుచటి ఇనుప రేకు తెప్పించింది. తనే గోతిలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, బావ అటువైపు, తను ఇటువైపు, జానెడు లోతున రేకును అంగుళం అంగుళంగా తోశారు. రెండు గంటలు పట్టింది. వడ్రంగి దాని కొలతకు అక్కడికక్కడే పెట్టె బిగించాడు. నలుగురు కలిసి పైకి ఎత్తారు. ఒక్క మూల కూడా విరగలేదు. లారీలో అక్క దాని పక్కనే కూర్చుని, కుదుపు వచ్చినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి వేసింది.

'దొరికినవి' అన్న గడిలో ఏం రాయాలని బావని అడిగాను. అక్క జవాబు చెప్పింది. "పాప, అని రాయి." అలాగే రాశాను. మా పై అధికారి ఇప్పటిదాకా దాని గురించి అడగలేదు.

నలభయ్యో రోజు పొద్దున్నే కొండవాలున ఆఖరి పూడ్పులు జరిగాయి. కొత్త చోటు బోడిగా, రాళ్ళతో, నీడన్నది లేకుండా ఉంది. మూడు వందల పన్నెండు మట్టి దిబ్బలు వరసల్లో, అన్నీ ఒకే వైపు తిరిగి. పాస్టరు గారు పెద్ద ప్రసంగం చేస్తారనుకున్నాం. ఆయన ఆ వరసల వైపు చూసి చిన్న ప్రార్థనతో ముగించారు. జనం మెల్లగా కిందికి దిగారు. మేం నలుగురం మిగిలాం, బావ, అక్క, నేను, సెలవురోజైనా వచ్చిన ఇంజనీరమ్మ.

ఇంజనీరమ్మ చాలాసేపు తటపటాయించి బావని అడిగింది. "పెద్దాయనా, వీళ్ళు నిజంగా లేస్తారా?"

ఇలాంటి ప్రశ్నకు బావ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా జవాబు ఉంటుంది. ఈసారి వెంటనే చెప్పలేదు. పాప దిబ్బ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్ళు అవునని చెప్పానమ్మా. తేలిగ్గా చెప్పాను. మొన్న ఆ గోతిలో చూశాక నాకు భయమేస్తోంది. అబద్ధమేమోనని కాదు. ఇంత పెద్ద మాట నిజమేనని." చేత్తో వాలంతా చూపించాడు. "ఒక్క పాప కాదు కదా. అందరూ. ఈ కొండా, ఆ కిందున్న ఊరూ, అంతా."

ఎండ వాలు మీదుగా పాకి వస్తోంది. దిబ్బల మీద ఒక్కో వరసే వెలుగులోకి వస్తుంటే, లెక్కబెట్టి రాసినదాన్ని నేనే అయినా, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఇంత నిశ్శబ్దంగా ఉన్నది ఇంత నిండుగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు.

బావ ఉన్నట్టుండి అక్క వైపు తిరిగాడు. ఎంతో కాలంగా లోపల తిప్పుకుంటున్న ప్రశ్నలా ఉంది. "లేచినప్పుడు ఎంత ఉంటుందంటావు? తొమ్మిది రోజుల పిల్లలాగా? ఇరవై ఆరేళ్ళ పిల్లలాగా?"

అక్క కొంగుతో చేతులకంటిన మట్టి తుడుచుకోబోయి, ఆగి, అలాగే వదిలేసింది.

"నాకు తెలియదు. ఎంతున్నా ఎత్తుకుంటాను," అంది.