అక్క చూడని చివరి సీను

ఈ మధ్య చూసిన సినిమాల్లో నాకు బాగా నచ్చింది పియానోలు బాగుచేసే ముసలాయన కథ. పెద్ద గొడవలేమీ ఉండవు. కూతురు అలిగి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, చివర్లో తిరిగి వస్తుంది. అంతే. కానీ ఆ చివరి సీనులో ఒక్క మాట లేదు, సంగీతం కూడా లేదు. ఆ పిల్ల చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి, నిద్రపోతున్న తండ్రిని కాసేపు చూసి, తన చెప్పులు విప్పి ఆయన చెప్పుల పక్కన పెడుతుంది. నేనైతే ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

అదే సినిమా చూసి మా అక్క ఏమందో తెలుసా?

"బాగానే ఉంది గానీ, పాపం ఆ పిల్ల చివరిదాకా రానేలేదు కదే."

నా చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. రాకపోవడమేమిటి? సినిమా అంతా దానికోసమే కదా!

అక్కకూ నాకూ ఏళ్ళ తరబడి ఒక అలవాటుంది. వారంలో ఇద్దరం ఒకే సినిమా ఎవరింట్లో వాళ్ళం చూస్తాం. ఆదివారం మధ్యాహ్నం నేను అక్క ఇంటికి వెళ్తాను. ఒకరి కంట పడనిది ఇంకొకరు చెప్పాలి, చెప్పలేనివాళ్ళు టీ పెట్టాలి. ఆ తర్వాత ఇద్దరం పక్కపక్కన కూర్చుని వీడియో గేమ్ ఆడతాం. ఎప్పుడూ టీ పెట్టేది నేనే. హీరో చొక్కా గుండీ ఒక సీనులో ఊడి, తర్వాతి సీనులో మళ్ళీ కుట్టి ఉందని పట్టేసే రకం అక్క. నేను రెడీమేడ్ ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాల్లో లోపాలు వెతికే మనిషిని, ఆ గుండీ నాకే కనిపించలేదు.

అలాంటి అక్క కొన్ని నెలలుగా అన్నీ చెవికి సంబంధించినవే చెబుతోంది. "ఆ డాక్టర్ అబద్ధం చెప్పేటప్పుడు గొంతు సవరించుకుంటాడు, గమనించావా?" "మెట్ల మీద అడుగులు రెండు రకాలుగా వినిపించాయి." తెలివైన మాటలే, కాదనను. కానీ రంగులేమయ్యాయి? గుండీలేమయ్యాయి?

నాకు అనుమానం ఎక్కువ. ఆ పురుగు ఒకసారి తొలవడం మొదలుపెడితే ఇక అన్నం సహించదు.

ఇద్దరం ఆడే ఆట సంగతీ అంతే. పొగమంచులో పడవ నడుపుతూ దీపస్తంభాలకు నూనె చేరవేసే ఆట అది. తొందర లేదు, తుపాకులు లేవు, అందుకే నాకిష్టం. రాళ్ళు దగ్గరపడితే ఆ పక్క నుంచి గంట మోగుతుంది. గంట మోగే చోట అక్క పడవను వెన్నలా తిప్పుకుపోతుంది. అదే ఒడ్డున దిగి చిన్న గట్టు దాటమంటే నీళ్ళలో పడుతుంది. అడిగితే, "ఈ బటన్ పాడైందే" అంటుంది. ఆ గేమ్ రిమోట్ మా ఇంటికి తెచ్చి ఆడి చూశాను. నిక్షేపంలా ఉంది.

పైగా మాట్లాడేటప్పుడు నా మొహంలోకి చూడటం మానేసింది. తల కాస్త పక్కకు తిప్పి, నా చెవి పక్కన గోడకేసి చూస్తూ మాట్లాడుతుంది. తప్పు చేసినవాళ్ళు కాక ఇంకెవరు అలా చూస్తారు?

నేను తేల్చుకున్నదేమిటంటే, అక్కకి నేను మొహం మొత్తాను. సినిమాలు చూడటం లేదు, బావ చూసి కథ చెబితే విని నా దగ్గర నెట్టుకొస్తోంది. నాకు కడుపు మండిపోయింది. మొగుడు వదిలేసి పోయాక నాకు మిగిలిన సంతోషం ఆ ఒక్క మధ్యాహ్నమే. అదీ బిచ్చం వేసినట్టు వేస్తోందా?

బావ మీద ఇంకో అనుమానం కూడా ఉంది. అక్క స్కూలు వ్యాన్ నడుపుతుంది, మా బుడ్డది అందులోనే బడికి వెళ్తుంది. రిటైరయ్యాక పొద్దెక్కేదాకా లేవని బావ, ఈ మధ్య రోజూ ముందు సీట్లో తయారు. "కాలక్షేపం" అంటాడు. బావకి కాలక్షేపమంటే దుప్పటి అని లోకానికంతా తెలుసు.

మొన్న ఆదివారం తేల్చేద్దామనే వెళ్ళాను. బావ వంటింట్లో ఉన్నాడు. సినిమా ఊసు ఎత్తకుండా ఆట పెట్టాను. అక్క పడవ ఎక్కింది. రాళ్ళ దగ్గరికి రాగానే గంట మొదలైంది. నేను టీవీ రిమోట్ తీసి సౌండ్ ఆపేశాను.

పడవ తిన్నగా వెళ్ళి రాయిని గుద్దుకుంది.

అక్క వెనక్కి తీసి మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే రాయి. తెర నిండా అంత పెద్ద నల్లటి రాయి!

"సౌండ్ పెట్టవే," అంది అక్క. గొంతు ఎంత చిన్నగా ఉందంటే, నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

"అక్కా, నీకు ఆ రాయి కనబడటం లేదా?"

అక్క గేమ్ రిమోట్ ఒళ్ళో పెట్టేసింది. "కుడి కన్ను ఎప్పుడో పోయిందే. ఎడమ కంట్లో నడిమధ్య మసక. నిన్ను తిన్నగా చూస్తే చెవులుంటాయి, మొహం ఉండదు."

నాకు ఏడుపొచ్చింది. అక్క చెయ్యి పట్టుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది వ్యాన్.

వంటింటి గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు.

"బావా, ముందు సీట్లో కూర్చుని నువ్వేం చేస్తున్నావు?"

ఆయన తల వంచుకున్నాడు. "ఎడమ పక్క సైకిల్ అని, ముందు ఆటో ఆగిందని... చెబుతుంటానమ్మా. నాకు నడపడం రాదు కదా."

"సినిమా చెప్పినట్టా!" అరిచాను. "నా కూతురుంటుంది ఆ వ్యాన్‌లో! నీ వెనక సీట్లోనే కూర్చుంటుంది! అదేమైనా ఆటా అక్కా, గుద్దుకుంటే మళ్ళీ మొదలుపెట్టడానికి?"

"నెమ్మదిగానే నడుపుతున్నానే. ఈ ఒక్క ఏడాది అయిపోతే—"

"ఒక్క రోజు కూడా వద్దు. డాక్టర్‌కి చూపించావా?"

"చూపిస్తే లైసెన్సు పోతుంది. స్టీరింగ్ ముందు కూర్చోకపోతే నేనెవరినే? ఇంట్లో మూలన కూర్చునే గుడ్డిదాన్ని."

ఆ మాటకి నా గుండె తరుక్కుపోయింది. అయినా చెయ్యి చాచాను. "తాళం ఇవ్వు."

బావ అడ్డం రాలేదు. ఫోన్ తీసి, రేపటి నుంచి వ్యాన్ రాదని పిల్లల ఇళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి ఇంటికి చెప్పాక ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినబడింది.

అక్క నడుముకి దోపుకున్న తాళంచెవి తీసింది. నా చేతికి కాస్త పక్కగా, గాల్లోకి చాచింది. నేనే చెయ్యి అటు జరిపి అందుకున్నాను. అప్పుడు అక్క మొహం పక్కకు తిప్పుకుంది. అలిగిందనుకున్నాను. కాదు, నన్ను చూస్తోంది. ఇన్ని నెలలూ నన్ను చూడటానికే అలా తిప్పుకుందని అప్పుడు నాకు అర్థమైంది.

"ఏడుస్తున్నావా?" అంది.

"నిన్ను చంపెయ్యాలనుంది. రేపు కంటాసుపత్రికి వెళ్తున్నాం."

"సరే," అంది అక్క. "సినిమాలో ఆ పిల్ల వచ్చిందా ఏమిటే చివర్లో? అప్పుడే మీ బావ ఫోనొస్తే బయటికెళ్ళాడు. ఏమీ వినబడక సినిమా అయిపోయిందనుకున్నాను."

తాళంచెవి గుప్పిట్లో బిగించి, చెప్పుల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆ సీను అంతా చెప్పాను. టీ మాత్రం అక్కనే పెట్టమన్నాను.