వకీలుగారి గుమ్మంలో దొంగసాక్షి

నేను ఒక చెప్పుల జతను. ఏళ్ల తరబడి ఒక్క అడుగైనా వెయ్యని చెప్పుల జతను. పెళ్లిపందిళ్లలో పోయి దొరికిన చెప్పులు, పొలం గట్ల మీద తెగి కుట్టించుకున్న చెప్పులు తమ కథలు గొప్పగా చెప్పుకుంటాయి. నా బతుకులో చాలా భాగం ఒక గుమ్మం ముందు కూర్చుని అబద్ధం చెప్పడంతోనే గడిచింది. అయినా ఆ అబద్ధం నాది కాదు కాబట్టి సిగ్గు పడవలసిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన పడలేదు.

నిడదవోలు స్టేషను రోడ్డులో ఏసుదాసు అనే ఆయన నన్ను కుట్టాడు. దళసరి తోలు, రెండు వరసల కుట్టు. అడుగున నీలం పెన్సిలుతో తొమ్మిది అని కొలత వేసి, నన్ను కొయ్య మేకుకు తగిలించాడు. కొనడానికి వచ్చిన కొండలరావు తొడిగి చూడలేదు, వంచి చూడలేదు.

"ఎవరి కాలికండీ? కొలత సరిపోద్దో లేదో?" అన్నాడు ఏసుదాసు.

"కాలికి కాదులే. గుమ్మానికి" అన్నాడు కొండలరావు.

కొండలరావు తణుకులో ముకుందరావు అనే వకీలు దగ్గర గుమాస్తా. మన ఊళ్లలో గుమ్మం ముందు మగవాడి చెప్పులు ఉంటే ఆయన ఇంట్లో ఉన్నట్టే. ఎవరూ మళ్లీ అడగరు. గడప బయట ఒద్దికగా నిలబడతారు. అందరికీ తెలిసిన ఈ చిన్న మర్యాదను పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చెయ్యవచ్చునని కనిపెట్టినవాడు, నాకు తెలిసినంతలో, ముకుందరావు ఒక్కడే. న్యాయశాస్త్రంలో ఆయన సొంతంగా కనిపెట్టిన విషయం కూడా ఇదొక్కటే.

పొద్దున్నే కొండలరావు నన్ను తెచ్చి మెట్టు మీద పెట్టేవాడు. కుడి చెప్పు తిన్నగా, ఎడమది కొంచెం వంకరగా. తొందరలో విడిచినట్టు ఉండాలట. ఆ వంకర కూడా వకీలుగారే నేర్పారు. ఆ పాటికి ఆయన బూట్లు వేసుకుని, వెనక సందులోంచి కారెక్కి, ఆకివీడు పక్కన తన చేపల చెరువుల దగ్గరికి పోతుండేవాడు. చేపలకు మేత ఒక్క పూట ఆలస్యమైతే ఒప్పుకునేవాడు కాదు. కక్షిదారులు మనుషులు కాబట్టి వాళ్లకు ఆ అదృష్టం లేదు.

వచ్చినవాళ్లు నన్ను చూసి తేలికపడి బల్ల మీద కూర్చునేవారు. ఇక ఎదురుగా బోర్డు కట్టుకున్న వకీలు దగ్గరికి పోయేవారు కాదు. అందుకే కదా నేను.

"సారు లోపల ఫైలు చదువుతున్నారండి. మధ్యలో కదిపితే కేసు చెడిపోద్ది" అనేవాడు కొండలరావు. ఎండెక్కాక, "వెనక గుమ్మంలోంచి కోర్టుకెళ్లిపోయారండి. కోర్టుకి బూట్లు కదండీ, చెప్పులిక్కడే ఉంటాయి" అనేవాడు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఎప్పుడైనా ఖర్మ కాలి వకీలుగారే ఎదురుపడితే, ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర "వాయిదా పడింది" అనే ఒకే జవాబు ఉండేది. ఎందుకు పడింది, ఎప్పటికి పడింది అని అడిగినవాళ్లను ఆయన చూసే చూపు, అన్నం పెట్టించుకున్న బిచ్చగాడు ఉప్పు తక్కువైందంటే చూసినట్టు ఉండేది.

అలా వచ్చినవాళ్లలో దమయంతి ఒకామె. పైడిపర్రు వైపు ఒక అంగన్‌వాడీలో పనిచేస్తుంది. భర్త వీరభద్రానికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. చక్రాల కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటాడు. వాళ్ల ఇంటి నుంచి వీధిలోకి ఉన్నది ఒకటే సందు. పక్కింటి అబ్బులు ఆ సందు నాదేనంటూ అడ్డంగా గోడ కట్టి, మనిషి పక్కకు తిరిగితే దూరేంత ఖాళీ వదిలాడు. మనిషి పడుతుంది, కుర్చీ పట్టదు. ఆ రోజు నుంచి వీరభద్రం వీధి చూడలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఇద్దరు మనుషులు దుప్పట్లో వేసి, శవాన్ని మోసినట్టు గోడ మీదుగా దించాలి. ఆయన కళ్లు మూసుకునేవాడట. ఆ గోడ తీయించమని కేసు వెయ్యడానికి దమయంతి ఈ గుమ్మానికి వచ్చింది.

కేసు వేశాక ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె వచ్చేది, నా పక్కన తన అరిగిన చెప్పులు విడిచేది, బల్ల మీద కూర్చునేది. ఒక్కోసారి ములక్కాడలు తెచ్చేది. ములక్కాడలు లోపలికి పోయేవి. ఆమె మాట గుమ్మంలోనే ఆగేది. కొండలరావు మాత్రం ఎండ తిరిగినప్పుడల్లా బల్లను నీడలోకి జరిపేవాడు, తన కూజాలో నీళ్లు గ్లాసుతో ఇచ్చేవాడు. యజమాని చెప్పిన అబద్ధాలు అప్పజెప్పే మనిషికి ఆ మాత్రం దయ మిగలడం చిన్న విషయమేమీ కాదు.

ఒకనాడు ముకుందరావు వేళ తప్పి ముందు గుమ్మంలోంచే వస్తూ ఆమెకు దొరికిపోయాడు.

"ఏమైందండీ మా కేసు?"

"వాయిదా పడిందమ్మా."

"ఎప్పటికండీ? నేను రావాలా?"

"ఇదేమన్నా అంగన్‌వాడీ అనుకున్నావా, అడగ్గానే గుడ్డు చేతిలో పెట్టడానికి? కోర్టమ్మా ఇది."

"మా దగ్గర గుడ్లు రాకపోతే రాలేదనే చెప్తామండి, తల్లుల్ని పొద్దంతా గుమ్మంలో కూర్చోబెట్టం" అంది ఆమె మెల్లగా. ఆయన విననట్టు లోపలికి పోయాడు. విననట్టు పోవడంలో ఆయనకు సాటి లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఆమె ఒక పొద్దున పరుగులాంటి నడకతో వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"కొండలరావుగారూ, నిన్న అబ్బులు వీధిలో నిలబడి నవ్వాడండి. 'ఇంకా వకీలు చుట్టూ తిరుగుతున్నావేంటే, నీ కేసు కిందటి నెల్లోనే కొట్టేశారు' అన్నాడు. కోర్టుకెళ్లి కనుక్కుంటే నిజమేనంట. పిలిచినప్పుడు మా తరఫున ఎవరూ పలకలేదంట!"

కొండలరావు తల దించుకున్నాడు.

"తులసిగారని ఇంకో లాయరమ్మ చూస్తానంది. మళ్లీ తెరవమని అడగడానికి రేపటితో గడువు తీరిపోద్దంట. ఈయన నాకు అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెడితే చాలంట. కాయితం తెచ్చాను. ఒక్క సంతకమండీ, కాళ్లు పట్టుకుంటాను."

"సారు లోపల... ఫైలు..." అన్నాడు కొండలరావు.

ఆమె బల్ల మీద కూర్చుంది. చూస్తుండగానే వాన కుండపోతగా పట్టుకుంది. చూరు నీళ్లు తిన్నగా నా మీద పడుతున్నాయి. అంత దుఃఖంలో కూడా, ఎవరి వస్తువైనా తడుస్తుంటే చూడలేని మనిషి ఆమె. లేచి వచ్చి, నన్ను రెండు చేతులతో తీసి, నీళ్లు ఒలికిపోవాలని బోర్లించింది.

అక్కడే ఆగిపోయింది.

నా అడుగున ఒక్క గీత లేదు. మట్టి లేదు. ఏసుదాసు నీలం పెన్సిలుతో వేసిన తొమ్మిది నిన్ననే వేసినట్టు ఉంది.

కోప్పడుతుందనుకున్నాను. "ఈ చెప్పులేసుకునే మనిషి ఇంకా పుట్టలేదండీ" అంది, అంతే. కొండలరావు ఈసారి అబద్ధం వెతుక్కోలేదు. "ఈరోజు వానకి చెరువులకి పోలేదమ్మా. కోర్టులోనే ఉన్నారు. లాయర్ల గదిలో" అన్నాడు.

నన్ను చేతిలో పట్టుకునే ఆమె వానలోకి దిగిపోయింది. తన చెప్పులు అక్కడే మరిచిపోయింది.

లాయర్ల గదిలో ముకుందరావు పదిమంది మధ్య టీ తాగుతూ పెద్దగా నవ్వుతున్నాడు. గుమ్మంలో తడిసిన జుట్టుతో ఆడమనిషి నిలబడింది. కుడిచేతిలో చెప్పులు. ముకుందరావు గ్లాసులో టీ కోటు మీద ఒలికింది. ఆయన లేచి, కుర్చీ వెనక్కి చేరి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జీవితంలో ఆయన అంత త్వరగా స్పందించిన సందర్భం నేనింకొకటి చూడలేదు.

పాపం, ఆమెకు అటువంటి ఆలోచనే లేదు. ఆయన వస్తువు ఆయనకు ఇచ్చెయ్యాలని తెచ్చింది.

"వద్దమ్మా, వద్దు! ఏం కావాలో చెప్పు!"

"సంతకమండి" అంది దమయంతి, వింతగా చూస్తూ. కొంగులో దాచుకున్న కాగితం బల్ల మీద పెట్టింది.

ఆయన చదవకుండానే పెట్టాడు. ఒక పెద్ద వకీలు మాత్రం నన్ను తీసుకుని, తిరగేసి చూసి, "ముకుందం, నువ్వు గాల్లో నడుస్తావట్రా?" అన్నాడు. గదిలో పుట్టిన నవ్వు వరండా దాకా పాకింది. "నా చెప్పులు కావవి" అన్నాడు ముకుందరావు. ఇన్నేళ్లలో నా విషయంలో ఆయన చెప్పిన మొదటి నిజం అదే. అందుకే ఎవరూ నమ్మలేదు.

ఆయనే తనవి కావన్నాక, ఉత్త కాళ్లతో ఉన్న దమయంతి నన్ను తీసి తొడుక్కుని, పెద్దవైనా ఈడ్చుకుంటూ తులసి దగ్గరికి నడిచింది. నా మొదటి అడుగులు కోర్టు ఆవరణలో, బురదలో పడ్డాయి. నీలం తొమ్మిది గేటు దాటకముందే చెరిగిపోయింది.

తులసి కూడా వాయిదాలే తెచ్చింది. కోర్టు ఒక్కరోజులో మారిపోదు కదా. కానీ ప్రతి వాయిదా సాయంత్రం ఫోను చేసేది. "దమయంతిగారూ, ఈరోజు జడ్జిగారు సెలవండి, పని జరగలేదు" అని చెప్పడానికైనా సరే. ఆ ఫోను పెట్టేశాక దమయంతి నిద్రపోయేది. జరగలేదన్న కబురు అందినా మనిషికి అన్నం సహిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ముకుందరావుకు అది ఉచితంగా దొరికే పుణ్యం. ఆయన దాన్ని కూడా కట్టుకోలేదు.

ఆ గోడ తీయమని చివరకు తీర్పు వచ్చింది. అబ్బులు గొణుక్కుంటూనే ఇటుకలు ఊడదీయించాడు. అదే సాయంత్రం దమయంతి వీరభద్రానికి ఇస్త్రీ చొక్కా తొడిగి, కుర్చీ తోసుకుంటూ సందులోంచి వీధిలోకి తెచ్చింది. నేను ఆమె కాళ్లకు ఉన్నాను. వీధి మొదట్లో ఆయన బ్రేకు మీద చెయ్యి వేశాడు. కుర్చీ ఆగింది. ఎటు చూడాలో తెలియనట్టు అన్నీ చూశాడు, ఆరేసిన బట్టలు, ఆటో, గొడవ పడుతున్న పిల్లలు.

దూరంగా వీధి అవతలి చివర సోడాబండి పోతోంది. వీరభద్రం పనిచేసే చెయ్యి అతి కష్టం మీద పైకెత్తి, ఒక సోడా అన్నట్టు ఒక్క వేలు చూపించాడు. నోట మాట లేదు.

బండివాడు ఆ వేలు చూశాడు. వెంటనే బండి తిప్పుకుని, "వస్తున్నా బాబాయ్, వస్తున్నా!" అంటూ వచ్చాడు.