మూడో నీళ్ళు

పదమూడో రోజున దుర్గ ఒంటిమీద ఎర్రగా పొక్కింది. ముందు మోచేతుల దగ్గర, సాయంత్రానికి గుండెల మీద, మర్నాడు తెల్లారేసరికి మొహం నిండా. చూసిందే తడవు అత్త నూకాలమ్మ వేపమండలు విరిచి తెచ్చి గుమ్మానికి కట్టేసింది.

"తల్లి వచ్చిందే మనింటికి. మూడో నీళ్ళు పోసి తల్లిని సాగనంపేదాకా గడప దాటకు. మందూ మాకూ మాటెత్తకు, తల్లికి కోపం," అంది. మూడేళ్ళ బేబీని తీసుకెళ్ళి పక్కింటి బుజ్జమ్మకి అప్పగించింది.

అమ్మవారు కాదని దుర్గకి తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం? ఆ మాట అనాలంటే రోజూ దొంగచాటుగా మింగుతున్న మాత్రల సంగతి చెప్పాలి. మాత్రల సంగతి చెబితే జబ్బు పేరు చెప్పాలి. అల్లవరంలో ఆ పేరు ఒక్కసారి పైకొచ్చిందంటే బేబీని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. పిల్లకి జబ్బు లేదని పరీక్షలో తేలిందంటే మాత్రం ఎవరు నమ్ముతారు? కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం మూతికి పెట్టగలమా!

అప్పనపల్లి స్వామికి మొక్కు తీర్చాలని చెప్పి, కాకినాడ బస్సెక్కి తెచ్చుకున్న మాత్రలవి. అక్కడి ఆసుపత్రిలో మందులిచ్చే కృపమ్మగారు చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"పధ్నాలుగు రోజులు ఈ మాత్ర పొద్దున్న ఒక్కటే వేసుకోమ్మా. పదిహేనో రోజు నుంచి రెండు పూటలా. ఊరికే మానకూడదు, మానితే మందు పనిచెయ్యదు. కానీ ఒంటిమీద దద్దుర్లు వచ్చాయనుకో, రెండో పూట మొదలెట్టకు, వచ్చి చూపించు. దద్దుర్లకి తోడు జ్వరం వచ్చినా, నోరు పూసినా, కళ్ళు ఎర్రబడినా ఇంకొక్క మాత్ర కూడా మింగకు, ఉన్నపళంగా వచ్చెయ్యి. అందరికీ రాదమ్మా, ఏ కొందరికో వస్తుంది. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదకొస్తుంది."

"ఆయ్, అలాగేనండీ," అని తలూపి వచ్చింది దుర్గ. ఆ కొందరిలో తనుంటానని ఎవరనుకుంటారు? భయపడ్డ మనిషి బుర్ర ఎంత దొంగదో చూడండి! "మానకూడదు" అన్న మాట గట్టిగా పట్టుకుంది, "వచ్చి చూపించు" అన్న మాట పక్కకి నెట్టేసింది. పధ్నాలుగో రోజు పొద్దున అత్త పెరట్లో వేపాకు నూరుతుండగా, బియ్యం డబ్బా అడుగునుంచి మాత్ర తీసి గుటుక్కున మింగింది.

మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పెదాలు పగిలి రక్తం వచ్చింది. గంజి గొంతు దిగలేదు. కళ్ళలో కారం కొట్టినట్టు ఒకటే మంట. చెయ్యి గోక్కుంటే గోరు వెంట చర్మం పొరలాగా ఊడి వచ్చింది. అది చూసేసరికి దుర్గకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రేపు మొదటి నీళ్ళు పోసేద్దాం. తల్లి చల్లబడుద్ది," అంది నూకాలమ్మ, మంచం చుట్టూ పసుపునీళ్ళు చల్లుతూ.

చెబితే ఊరు చంపుతుంది. చెప్పకపోతే ఈ మాత్రే చంపుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంతలో వీధిలోంచి బేబీ "అమ్మా" అని అరిచింది. "అటెళ్ళకే, అమ్మోరుంది," అంటూ బుజ్జమ్మ లాక్కుపోయింది. తండ్రి ఎలా ఉంటాడో తెలియని పిల్ల అది. కొండబాబు పోయేటప్పటికి దుర్గ పుట్టింట్లో పచ్చి బాలింతరాలు. అమ్మవారు పోసిన ఇంటికి పసిగుడ్డుతో రావద్దన్నారు, కడసారి చూపు కూడా దక్కలేదు. ఇప్పుడు తనూ పోతే ఆ పిల్లకెవరు?

"అత్తా, ఇది అమ్మోరు కాదు."

"తప్పే! లెంపలేసుకో!"

"కాదత్తా. మందు పడక వచ్చింది. నాకు ఎయిడ్స్ ఉంది, ఆయన నుంచే వచ్చింది. కాకినాడలో మాత్రలిస్తున్నారు. ఇప్పుడు తీసికెళ్ళకపోతే చచ్చిపోతాను," అని, బియ్యం అంటుకున్న మాత్రల అట్ట అత్త చేతిలో పెట్టింది.

తిడుతుందనుకుంది. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తుందనుకుంది. నూకాలమ్మ ఆ అట్టని వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసింది. లోపలికెళ్ళి, కొడుకు బట్టలున్న రేకుపెట్టె తెరిచి, అడుగునుంచి నలిగిపోయిన అట్ట ఒకటి పట్టుకొచ్చింది.

"ఆడు పోయేక ఆడి పడవ ఇంజను పెట్టెలో దొరికింది. ఆడి చేతిదని దాచుకున్నాను. నాకు చదువు రాదు. చూడు, రెండూ ఒకటేనా?"

దుర్గ మండుతున్న కళ్ళతో అక్షరాలు కూడబలుక్కుంది. పేరు అదే. ఇంకా నాలుగు మాత్రలు మిగిలి ఉన్నాయి.

"ఒకటే," అంది. "ఆయనకీ ఇలాగే వచ్చిందా అత్తా?"

"ఇలాగే. పెదాలు కూడా ఇలాగే. ఆసుపత్రికి తీసికెళ్ళవే అమ్మా అని నా కాళ్ళు పట్టుకున్నాడే! తల్లి ఉండగా మందు మాట ఎత్తకూడదని నేనే నోరు మూయించేను. మూడో నీళ్ళ నాడు పోయేడు."

నూకాలమ్మ లేచింది. గుమ్మానికి కట్టిన వేపమండలు రెండు చేతులా పీకి అవతల పారేసింది. "బుజ్జమ్మా! ఆటో పిలవ్వే! అమలాపురం వెళ్ళి కారు మాట్లాడుకోవాలి!" అని ఊరంతా వినబడేలా అరిచింది.

ఆటోలో కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. కాలువ వంతెన దాటేక వంగి, నెమ్మదిగా అడిగింది.

"దుర్గా, ఆ రోజు ఆణ్ణి కూడా ఇలా తీసికెళ్ళుంటే బతికేవోడంటావా?"

బతికేవాడని దుర్గకి తెలుసు, ఆ ఒక్క మాట చెప్పే ఓపికా ఉంది. అయినా పుళ్ళు పడ్డ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, మాట్లాడలేనన్నట్టు చెయ్యి ఊపింది.