నాడె ఆగిన ఆరు వారాలు

చెన్నయ్య నోరు తెరవాలంటే ఆయన చేతిలో మగ్గం మీద పోగు తోసే నాడె ఉండాలి. గద్వాలలో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే ఇది. పెళ్లికి పిలిస్తే వెళ్లి ఓ మూలన కూర్చుంటాడు, పలకరిస్తే తలాడిస్తాడు, పెట్టింది తిని వచ్చేస్తాడు. అదే మనిషి గుంత మగ్గంలో కాళ్లు దించి, నాడె అటోసారి ఇటోసారి తోశాడంటే ఇక మాటలకు అడ్డూ ఆపూ ఉండదు. చిన్నప్పుడు సోమశిలలో పడవెక్కి భయంతో వాళ్ల మేనమామ పంచె తడిపేసిన సంగతి దగ్గర్నుంచి, నిన్న సంతలో ఎవరో వంకాయల కోసం కొట్టుకున్న ముచ్చట దాకా అన్నీ వచ్చేస్తాయి.

ఆ మాటలన్నీ వినేది ఒక్క రేణుకమ్మే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఒకదాని పేక, అంటే అడ్డపోగు, ఇంకోదాని పేకను పట్టుకునేట్టు వరస వరసకూ రెండింటినీ కలపాలి గనక మగ్గం మీద ఇద్దరుండాలి. నడుమ నేతా, నేసిన పోగు బిగిసేట్టు పలక గుద్దడమూ ఆయన పని. పక్కన కూర్చుని అంచు నాడె అందించి కుట్టు కలపడం ఆమె పని. ఇరవై ఏడేళ్లుగా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని ఆమె ఆ మాటలు వింటూనే ఉంది. తనూ తక్కువ తినలేదు లెండి, ఆయన ఒకటంటే తను రెండనేది. మగ్గం దిగాక మాత్రం ఆ ఇంట్లో 'అన్నం పెట్టనా', 'పెట్టు' తప్ప మరో మాట ఉండేది కాదు. పొద్దంతా మాట్లాడుకున్నవాళ్లకు ఇంకా మిగిలేదేముంటుంది?

ఆ మగ్గం కాస్తా ఆగిపోయింది.

ఏడాదిగా చెన్నయ్య కుడి మోచేయి సలుపుతూనే ఉంది. పలక గుద్దినప్పుడల్లా బయటివైపు బొడిపె దగ్గర కలుక్కుమనేది. జండూబామ్ రాశారు, వేడి ఇసుకతో కాపడం పెట్టారు, వీధి చివరి డాక్టరు రెండుసార్లు సూది వేస్తే రెండు నెలలు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. చివరికి దసరా వెళ్లాక ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకోబోతే చేతిలోంచి జారి పగిలింది. ఆ రోజు చెన్నయ్య మగ్గం దగ్గరికి వెళ్లలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులకు పత్తి మిల్లులో పనిచేసే వెంకటన్న వచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్ కావాలట, కుర్చీలో కూర్చునే పనేనని చెప్పిపోయాడు. చెన్నయ్య తలాడించాడు. ఆ తలాడింపు రేణుకమ్మ చూసింది. ఆ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి ఇక జన్మలో మాట్లాడడు. మగ్గం లేకపోతే గంజి తాగైనా బతకొచ్చు, దానికేం. ఆ మాటలు లేకుండా ఎట్లా బతకాలో మాత్రం ఆమెకు తెలియలేదు. ఈ మాట పైకి అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నాగర్‌కర్నూల్‌లో ఉన్న కూతురు సౌందర్యకు ఫోన్ చేసి, మీ నాయన చేయి ఎట్లన్నా బాగుచేయించమని మాత్రం ఏడ్చింది. సౌందర్య నలుగురిని వాకబు చేసి, వనపర్తిలో డాక్టర్ అఫ్రీన్ దగ్గరికి తీసుకుపొమ్మంది.

డాక్టర్ అఫ్రీన్ చిన్న వయసుదే, కానీ తొందరపడే మనిషి కాదు. మోచేతిని నొక్కి చూసింది, మణికట్టు తిప్పి చూసింది, మిషన్ పెట్టి తెర మీద చూపించింది. చెన్నయ్యకు అర్థమయ్యే భాషలోనే చెప్పింది.

"ఈడ కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ ఉంటది. మీకు దాంట్ల పోగులు తెగినయి. మీ నెత్తురే జరంత తీసి, మిషన్ల గిర్రున తిప్పి, అందుల ఉన్న ప్లేట్‌లెట్లను ఒక్క తాన చేర్చి, గీ తెగిన కాడ్నే ఎక్కిస్త. మానే గుణం మీ నెత్తుర్లనే ఉన్నది. కానీ అందరికీ పనిచేస్తదని నేను చెప్ప. ఆరు వారాలు చూడాలె."

చెన్నయ్య అంతా విన్నాడు. రేణుకమ్మ ఒక్క మాటే విన్నది. ప్లేట్‌లెట్లు.

ఆ మాట అంటే ఆ వీధిలో ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పోయిన వానాకాలం పక్కింటి తాజ్‌బీ కొడుకు యాసిన్ డెంగీతో మంచం పట్టినప్పుడు, పొద్దున్నే లేచి అందరూ అడిగిన మొదటి మాట ప్లేట్‌లెట్లు ఎంతున్నాయనే. లక్షన్నర నుంచి పడి పడి పాతిక వేలకు వచ్చిన రోజు వీధిలో పొయ్యి వెలగలేదు. తాజ్‌బీ పెరట్లో బొప్పాయి చెట్టును బోడి చేసి, ఆకు రసం తాగించి తాగించి కొడుకును దక్కించుకుంది. దవాఖానలో సెలైన్లు కూడా ఎక్కించారు కానీ ఆ సంగతి ఆ వీధిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అట్లాంటి ప్లేట్‌లెట్లను ఈ డాక్టరమ్మ మనిషి ఒంట్లోంచి లాగేస్తానంటోంది!

అడుగుదామనుకుంది. చదువుకున్నవాళ్ల ముందు ఏమంటే ఏం తప్పోనని నోరు మూసుకుంది. ల్యాబ్‌లో పనిచేసే దానియేలు నెత్తురు తీసి, మిషన్లో తిప్పి, గొట్టం బయటికి తీసి చూపించాడు. అడుగున ఎర్రగా, పైన లేత పసుపు పచ్చగా విడిపోయి ఉంది. ఆ పచ్చటి నీళ్లలోనే మొగుడి ప్రాణమంతా ఉన్నట్టనిపించి ఆమె అటు చూడలేకపోయింది. డాక్టరమ్మ ఆ పచ్చటి నీళ్లు సూదిలోకి తీసుకుని మోచేతిలోకి ఎక్కించింది.

రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువవుతుందని, భయపడొద్దని, అది మానేటప్పటి నొప్పని డాక్టరమ్మ చెప్పింది. తను రాసిచ్చిన మాత్ర తప్ప వేరే నొప్పి మాత్రలు వేస్తే మానేది కూడా ఆగిపోతుందని, మర్దనా చేయొద్దని, ఆరు వారాల దాకా మగ్గం ముట్టొద్దని గట్టిగా చెప్పింది. రేణుకమ్మ అన్నిటికీ సరేనంది. ఇంటికి రాగానే చెప్పుల కాళ్లతోనే తాజ్‌బీ పెరట్లోకి వెళ్లింది.

ఇక మొదలైంది చూడండి. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. ఇంట్లో మిక్సీ ఉంది. అందులో వేస్తే ఆకులో సత్తువ పోతుందని తాజ్‌బీ చెప్పినందుకు, ఆకులు కడిగి, ఈనెలు తీసి, రోట్లో దంచి, గుడ్డలో పిండేది. ఆ చేదు అంతా ఇంతా కాదు, వేలు నాకి చూసినందుకే ఆమెకు పూటంతా నోరు బాగాలేదు. చెన్నయ్య మాత్రం పీట తెచ్చుకుని రోటి ఎదురుగా కూర్చునేవాడు. రసం చేతికివ్వగానే గటగటా తాగి గ్లాసు బోర్లించేవాడు. మొహం కూడా చిట్లించేవాడు కాదు. పసిపిల్లాడి కంటే నయం అనుకునేది.

రోకలి పడుతున్నంతసేపూ ఆమె నోరు ఊరుకునేది కాదు. ఆకులను తిట్టేది, బస్సు కండక్టరును తిట్టేది, పాతికేళ్ల కింద ఖిల్లా ఘణపూర్‌లో పెళ్లికి పోతే తనకు ముక్కలు లేని పులుసు వడ్డించిన ఆడబిడ్డను తిట్టేది. చెన్నయ్య ఊఁ అనేవాడు కాదు, ఆఁ అనేవాడు కాదు. రసం పిండి ఇచ్చాక ఆమె మాట కూడా ఆగిపోయి, ఇల్లు మళ్లీ నిశ్శబ్దమయ్యేది.

నాలుగో వారంలో ఒక పొద్దున ఆయన కుడి చేత్తోనే గ్లాసు అందుకున్నాడు. రేణుకమ్మ చూసింది. దిష్టి తగులుతుందని ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి దేవుడి పటం ముందు నిలబడి వచ్చింది. ఆ సాయంత్రమే వెంకటన్న మళ్లీ వచ్చి, మిల్లువాళ్లు ఆ పని ఇంకో మూడు వారాలు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతామన్నారని చెప్పాడు. చెన్నయ్య మళ్లీ తలాడించాడు. ఆమె ఆ రాత్రి ఆ మూడు వారాలనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆరు వారాలకు ఇద్దరూ వనపర్తి వెళ్లారు. డాక్టరమ్మ మోచేతిని నొక్కింది, చేయి బిగించమంది, వదలమంది. చాలావరకు కుదుటపడిందంది. రోజుకు అరగంట నేయొచ్చని, నొప్పి రాకపోతే వారం వారం కొంచెం పెంచుకుంటూ పోవచ్చని, పాత రోజుల్లో లాగా పొద్దంతా గుద్దితే మాత్రం మళ్లీ మొదటికొస్తుందని చెప్పింది. రేణుకమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో అప్పటిదాకా కడుపులో దాచుకున్న మాట అనేసింది. తీసిన ప్లేట్‌లెట్లు పడిపోకుండా రెండు పూటలా ఆకు రసం తాగించానని, రోట్లోనే దంచానని, అందుకే ఇంత తొందరగా నయమైందని.

డాక్టర్ అఫ్రీన్ నవ్వింది, కానీ ఎగతాళిగా కాదు. తీసింది కొంచెం నెత్తురేనని, ఒళ్లు దాన్ని తనే నింపుకుంటుందని, డెంగీ వేరు ఇది వేరని, రసం అవసరమే లేదని చెప్పింది. రేణుకమ్మ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. అది చాలదన్నట్టు, ఏదో కాగితం ఇవ్వడానికి వచ్చిన దానియేలు కల్పించుకున్నాడు.

"పెద్దాయన మూడో నాడే ఫోన్ చేసి అడిగిండు కదమ్మా. తాగే పని లేదని అప్పుడే చెప్పిన."

రేణుకమ్మ మొగుడి వంక చూసింది. చెన్నయ్య కిటికీ వంక చూశాడు.

బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. వెనక్కి తిరగలేదు. ఆరు వారాలు దంచి దంచి అరచేతులు కాయలు కాశాయి. ఆ రోలు ముందు కూర్చుని తన పిచ్చితనం చూస్తూ లోపల ఎంత నవ్వుకున్నాడోనని ఏడుపొచ్చింది. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణమ్మకు దండం పెడుతుంటే ఆమె చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ఇంటికొచ్చి అన్నం పెట్టింది గానీ, పెట్టనా అని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే చెన్నయ్య మగ్గం మీది దుమ్ము దులిపి, గుంతలో కాళ్లు దించి కూర్చున్నాడు. ఆమె రానక్కర్లేదనుకుంది. కానీ చీర ఒక్క చేతి పని కాదాయె. మూతి ముడుచుకునే వెళ్లి పక్కన కూర్చుంది. ఆయన నాడె తోశాడు. ఆమె కుట్టు కలిపింది. ఆయన పలక గుద్దాడు, మెల్లగా. ఆమె చూపంతా ఆ మోచేతి మీదే ఉంది. పది వరసలు, ఇరవై వరసలు. చేయి వణకలేదు, మొహంలో నొప్పి లేదు. మాట కూడా లేదు. చేయి వచ్చింది గానీ మనిషి రాలేదేమోనని ఆమెకు కోపం పోయి భయం పట్టుకుంది.

"అక్కర లేదని తెల్సు నాకు," అన్నాడు చెన్నయ్య, నాడె తోస్తూ.

"తెల్సి ఎందుకు తాగినవయ్యా? నన్ను పిచ్చిదాన్ని చేసి కూసోబెట్టి ఎందుకు దంచనిచ్చినవు?"

ఆయన ఇంకో వరస నేశాడు. "మగ్గం ఆగినంక నువ్వు గూడ మాట్లాడుడు బందు చేస్తివి. ఆకులు దంచేటప్పుడే జర మాట్లాడుతుంటివి. రసం వద్దంటే దంచుడు ఆపేస్తవు. గందుకే తాగిన."

రేణుకమ్మ చేతిలో అంచు నాడె ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో మాట పోయింది ఆయనకొక్కడికేననుకుంది. తన నోరు కూడా మూతపడిందన్న సంగతే ఆమెకు తట్టలేదు. ఆ మనిషి మాత్రం ఆ నాలుగు మాటల కోసం అంత చేదు రెండు పూటలా తాగాడు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. పట్టు మీద పడకుండా గబుక్కున కొంగుతో ఒత్తుకుంది.

"వెంకటన్నకు రానని చెప్పిన," అన్నాడాయన. "గా గేటు కాడ పొద్దంత ఎవరితోని మాట్లాడాలె?"

ఆ తర్వాత ఇక ఆగలేదు. మిల్లు గేటు గురించి, దానియేలు మీసాల గురించి, ఆకు రసం మొదటి గ్లాసుకే కళ్లు బైర్లు కమ్మిన సంగతి గురించి చెబుతూనే ఉన్నాడు. అరగంట అయిందని రేణుకమ్మే పలక పట్టుకుని ఆపింది. చెన్నయ్య కాళ్లు పైకి తీసుకున్నాడు గానీ లేవలేదు.

"అరగంట ఏడ సరిపోతది," అన్నాడు. "సాయంత్రం దంచుతవా?"

"ఏంది, ఆకులా?"

"ఆకులే కావాల్నా ఏంది. ఏదన్న దంచు."

ఆ సాయంత్రం రేణుకమ్మ పల్లీలు వేయించి, మిక్సీ వంక కూడా చూడకుండా రోట్లో పోసింది. చెన్నయ్య పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె రోకలి ఎత్తి, నిన్న బస్సులో ఆయన మీద తనకు ఎంత కోపమొచ్చిందో వనపర్తి బస్టాండు నుంచి మొదలుపెట్టి చెప్పసాగింది.