మా ఆయన చెవి

నా గుండెలో ఒక కవాటం నాది కాదు. తొమ్మిదేళ్ల కిందట పాడైపోయినదాన్ని తీసేసి, రెండు చిన్న రెక్కలున్న కృత్రిమ కవాటం పెట్టారు. రక్తం ముందుకు వెళ్లగానే అది టక్కుమని మూసుకుంటుంది, వెనక్కి రానివ్వదు. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ చప్పుడు పక్కవాళ్లకి కూడా వినిపిస్తుంది. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. "ఇంట్లో ఇన్ని గడియారాలున్నా తిన్నగా నడిచేది నువ్వొక్కదానివే" అని ఏడిపించేవాడు.

కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా నేను రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. వారానికోసారి మాత్రల డబ్బాలో ఏడు అరలూ ఆయనే నింపుతాడు. ఆ మందు పుణ్యమా అని ఏ బల్ల అంచు తగిలినా నా చెయ్యి కమిలిపోతుంది. ఒకరోజు పక్కింటావిడ నా మోచెయ్యి పట్టుకుని, "మీ ఆయన చెయ్యి చేసుకుంటాడా?" అని గుసగుసగా అడిగింది. చీమకు కూడా హాని తలపెట్టని మనిషిని పట్టుకుని ఆ మాటా! నాకు ఒళ్లు మండిపోయింది. మచ్చలు పోయేదాకా మందు జోలికి పోకూడదనుకున్నాను. రోజూ ఒక మాత్ర తీసి చెత్తబుట్టలో పడేశాను. తెలివితక్కువదాన్ని, అంతకంటే ఏం చెప్పను?

మచ్చలైతే పోయాయి. పన్నెండో రోజు పొద్దున బకెట్టు ఎత్తి రెండడుగులు వేసేసరికి ఊపిరాడలేదు. పడుకుంటే దగ్గు. మా ఆయన కూడా రెండ్రోజులుగా తేడాగానే ఉన్నాడు. బాగుచేసిన గడియారాలనే మళ్లీ విప్పి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. ఏమైందని అడిగితే విసుక్కున్నాడు. నేను గోడ పట్టుకుని కూలబడగానే మాత్రం చేతిలో పని అక్కడే పడేసి బండి పిలిచాడు.

ఆస్పత్రిలో అత్యవసర విభాగం సంతలా ఉంది. పక్క మంచం మీద ఎవరో కేకలు, తలవైపు ఏదో యంత్రం కూత. ఆ గోలలోనే కుర్ర డాక్టరు నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాడు.

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

నేను నోరు విప్పేలోగా మా ఆయన అందుకున్నాడు. "ఒక్కపూట తప్పదు డాక్టరుగారూ. డబ్బా నింపేది నేనే."

"అయితే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అయుంటుంది. రక్తం ఇచ్చి బయట కూర్చోండి. సాయంత్రానికి రిపోర్టులొస్తాయి."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అంత గర్వంగా నా తరఫున మాట ఇచ్చిన మనిషిని పదిమందిలో అబద్ధాలకోరును చెయ్యనా? డాక్టరు పక్క మంచం వైపు కదిలాడు. నా కళ్లకు చీకట్లు కమ్మాయి. సాయంత్రం దాకా నేనుండనని తెలిసిపోయింది, చచ్చేంత భయమేసింది.

"మానేశాను డాక్టరుగారూ" అన్నాను. "పన్నెండు రోజులైంది."

డాక్టరు గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ యంత్రం ఆపమనీ, అందర్నీ నోరు మూసుకోమనీ అరిచాడు. మళ్లీ స్టెతస్కోపు పెట్టి ఊపిరి బిగబట్టి విన్నాడు.

"టక్కుమనట్లేదు" అన్నాడు నర్సుతో. "గడ్డకట్టి రెక్క పట్టేసినట్టుంది. రక్తం ముందుకెళ్లక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. గుండె స్కానింగ్‌కి పంపండి, ఇప్పుడే!"

స్ట్రెచర్ మీదకి ఎక్కించారు. మా ఆయన పక్కనే నడుస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తిట్టండి" అన్నాను.

"రెండ్రోజుల్నించీ నీ చప్పుడు మొద్దుగా వినిపిస్తోందే" అన్నాడు. "నా చెవి పోయిందనుకున్నా. ఇక గడియారాల పని కట్టిపెట్టాల్సిందేనని భయపడి నీకు చెప్పలేదు." తలుపు దగ్గర నర్సు ఆయన్ని ఆపేసింది. "నా చెవే పోయుంటే ఎంత బాగుండేదే!" అని అక్కడే భోరుమన్నాడు.

స్కానింగ్‌లో ఒక రెక్కే కదులుతోంది. గడ్డ కరిగించే మందు ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నానికి ఊపిరి తేలికైంది. మా ఆయన లోపలికొచ్చి, చుట్టూ ఎవరున్నారన్నది కూడా చూడకుండా వంగి నా ఛాతీకి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. అయినా ధైర్యం చాలక నర్సును పిలిచాడు.

"అమ్మా, కొంచెం మీరూ వినరూ?"