దాలయ్య మానేసిన పని

ఆ ఆదివారం పొద్దున్న దాలయ్య ముందున్నది టబ్బు నిండా ప్రాణమున్న సరుకు. గోపాలపట్నం మార్కెట్లో కొర్రమీను బతికుంటేనే ధర పలుకుతుంది. అతను నీళ్లలోకి చేయి పెట్టి, జారిపోతున్న చేపను మొప్పల దగ్గర ఒడిసిపట్టి, తూకం వేసి పక్కకి అందిస్తాడు. అక్కడితో అతని పని అయిపోతుంది. పక్కన కత్తిపీట ముందు కూర్చున్న అతని భార్య నూకాలు దాన్ని మొద్దు మీద అదిమి, నెత్తిన కర్రతో ఒక్కటి వేస్తుంది. తర్వాత బూడిద రాసి, జిగురు వదలగొట్టి ముక్కలు కోస్తుంది.

పూర్వం ఆ కర్ర దాలయ్యదే. ఏళ్ల తరబడి కొట్టాక ఆ చప్పుడు నిద్రలోకి రావడం మొదలైంది. తాగితే వినిపించేది కాదు, అందుకని తాగేవాడు. అతని దగ్గర చేపలు కొనే గురునాథరావు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, ఒక పౌర్ణమినాడు అతన్ని కూర్మన్నపాలెంలో తానూ స్నేహితులూ కలిసి నడిపే ధ్యానమందిరానికి తీసుకెళ్లాడు. అక్కడ బుద్ధుడి బొమ్మ ముందు కూర్చుని దాలయ్య పంచశీలాలు తీసుకున్నాడు. మందు మానేశాడు. చచ్చిన చేపను చచ్చిందనే చెప్పి అమ్మాడు. ప్రాణం తీయనని కర్ర నూకాలుకిచ్చాడు. మొగుడు తాగకుండా ఇంటికొస్తున్నాడు కదా అని ఆమె మారుమాట లేకుండా పుచ్చుకుంది. ఇద్దరికీ గిట్టుబాటు బేరమే అనిపించింది. దాలయ్యకు నిద్ర పట్టింది.

ఆ రోజు ఎండెక్కేసరికి నూకాలు దెబ్బ గురి తప్పింది. చేప మొద్దు మీంచి ఎగిరి బురదలో పడి కొట్టుకుంది.

"మావా, ఇదొక్కటి నువ్వెయ్యి. నా సెయ్యి లెగట్లేదు."

దాలయ్య చేపను తెచ్చి మొద్దు మీద పెట్టాడు గానీ కర్ర ముట్టుకోలేదు.

నూకాలుకి తమ్ముడి వరసైన పక్క దుకాణం దొరబాబు నవ్వాడు. "బావ పున్నెం మూట కడతన్నాడప్పా! పాపం మూట నీ నెత్తినెట్టీసినాడు!"

కొనేవాళ్లూ నవ్వారు. నూకాలు నవ్వలేదు. ఎడంచేత్తో కర్ర ఎత్తి కొట్టింది. ఒక్క దెబ్బకు పోలేదది. మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

"నీకు నిద్దర పడతంది గదా మావా?" అంది, తల ఎత్తకుండా.

"పడతంది. ఏటిప్పుడు?"

"ఆ సప్పుడు ఇప్పుడు నాకినిపిత్తంది. కళ్లు మూత్తే సాలు."

దాలయ్య పట్టుకున్న చేప చేతిలోనే మెలికలు తిరిగింది. ఇంతకాలం తాను చంపడం మానేశాననుకున్నాడు. టబ్బులో ఉన్నవి మాత్రం రోజూ సాయంత్రానికల్లా చస్తూనే ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. అది ఇప్పుడే తట్టింది. అయినా నోటికి బేరగాడి మాటే వచ్చింది.

"అయితే దొరబాబు సేత కొట్టిద్దాం. కూలిచ్చేత్తే సరి."

నూకాలు అతని ముఖంలోకి చూసింది. "ఆడూ పడుకోవాలి గదా, మావా."

లేచి బకెట్లో మోచేతుల దాకా కడుక్కుంది. చెంగుతో తుడుచుకుంది.

"జాలరిపేట, మా అప్ప కాడికెల్తన్నాను. అక్కడ సముద్దరం సేపలు సచ్చే ఒడ్డుకొత్తాయి."

"మల్లీ ఎప్పుడొత్తావ్?"

"రాను." రెండడుగులు వేసి ఆగింది. "మందు మాత్తరం ముట్టకు."

ఆమె బస్సెక్కేదాకా దాలయ్య చూస్తూ నిలబడ్డాడు. పిలవడానికి నోరు తెరిచాడు. పిలిస్తే తన చేత్తో కర్ర పట్టుకోవాలి, లేదా ఈ వ్యాపారం వదిలేయాలి. నోరు మూసుకున్నాడు.

ఒకావిడ వచ్చి పెద్ద చేపను చూపించింది. "కొట్టి ఇస్తావా?"

"కొట్టీవోలు లేరమ్మా."

ఆవిడ దొరబాబు దగ్గరికి పోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లూ అంతే. టబ్బులో నీళ్లు వేడెక్కి చేపలు పైకి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఇటియ్యి బావా, సరుకు పాడైపోద్ది," అన్నాడు దొరబాబు.

దాలయ్య టబ్బుకి ఒక పక్క పట్టుకుని సాయం చేశాడు. అటు నుంచి చప్పుడు మొదలైంది. ప్రతి దెబ్బా అతనికి వినిపించింది.

పొద్దుగూకింది. ఆ రోజు దాలయ్య తాగలేదు, అబద్ధమాడలేదు, ప్రాణం తీయలేదు. తీసుకున్న శీలాల్లో ఒక్కటీ తప్పలేదు. మొద్దు పక్కన నూకాలు సగం తాగి వదిలేసిన టీ గ్లాసు ఉంది. మీగడ కట్టిన టీ మీద ఒక పొలుసు అంటుకుని ఉంది.