పరాయి సుత్తి

పొద్దున్నే పనిముట్ల పెట్టె మూత తీసిన ఒంటిదెబ్బకి అందులో తనది కాని సుత్తి ఒకటి కనిపించింది.

ఒంటిదెబ్బ అంటే మనిషే. యంత్రాలు పంపించే పెద్ద పెద్ద చెక్కపెట్టెలు తయారుచేసే షెడ్డులో వడ్రంగి. మేకును నిలబెట్టి ఒక్క దెబ్బతో తలదాకా దించేస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిస్తే ఈమధ్య అతనే పలకడం మానేశాడు.

సుత్తి కొత్తది. తల పైభాగాన సన్నటి గాడి, గాడి చివర అయస్కాంతం. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని గాడిలో ఓ మేకు పెట్టాడు. పడకుండా అంటుకుని ఉండిపోయింది. చెక్కముక్క మీద ఒక్క పోటు పొడిచాడు. మొన దిగి మేకు నిటారుగా నిలబడింది. ఇక సుత్తి తిప్పి కొట్టడమే. రెండో చేతితో పనే లేదు.

చప్పున దాన్ని పెట్టెలోకి తోసి మూత వేసేశాడు.

ఎందుకంటే ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారి మూడు నెలలైంది. మేకు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు. ఉందో లేదో కంటితో చూసుకోవాలి, చూసేలోపు జారి కిందపడుతుంది. కట్టుకున్న భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. మేకును అట్టముక్కకు గుచ్చి, ఆ అట్టను పట్టుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. పోయినేడాది వేలు తెగిన ఒక వడ్రంగిని యజమానురాలు పెట్టెల మీద చిరునామాలు రాసే పనికి మార్చింది. ఆయన ఇప్పటికీ కుంచె పట్టుకుని, సుత్తి చప్పుడు వినిపించినప్పుడల్లా తలెత్తి చూస్తుంటాడు. ఆ కుంచె తన చేతికి రావడం ఒంటిదెబ్బ ఊహించుకోను కూడా లేడు.

మరి ఈ సుత్తి ఎవరు పెట్టారు? గుట్టు తెలిసినవాళ్ళే పెట్టాలి. తెలిస్తే నోరు తెరిచి అడగొచ్చుగా, చాటుగా పెట్టడం దేనికి? జాలా, ఎగతాళా, హెచ్చరికా?

పది గంటలకు యజమానురాలు అటుగా వచ్చి, "చేతులు జాగ్రత్త" అని వెళ్ళింది. ఆవిడ రోజూ అందరితోనూ అనే మాటే అది, నిన్నటిదాకా పట్టించుకున్నవాడు లేడు. ఇవాళ మాత్రం 'చేతులు' అంటున్నప్పుడు తనకేసే చూసిందనిపించింది. ఆవిడే పెట్టిందా? పెట్టి, ఏం చేస్తాడో కనిపెడుతోందా?

ఇక తోడల్లుడు. భార్య అక్కగారి భర్త, పక్క బల్ల అతనిదే. ఇద్దరికీ పిల్లనిచ్చిన మామ కూడా వడ్రంగే. ఒకే దూలాన్ని చీల్చి, ఒకే కొలతతో రెండు పనిముట్ల పెట్టెలు చేసి, పెళ్ళిళ్ళకు చెరొకటి ఇచ్చాడు. అల్లుళ్ళిద్దరూ సమానమని ఆయన ఉద్దేశం. అల్లుళ్ళు మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ళుగా ఎవరి మేకు తిన్నగా దిగుతుందన్న పంతమే. అలాంటి తోడల్లుడు ఇవాళ పని వదిలేసి ఒంటిదెబ్బ పెట్టెకేసి దొంగచూపులు చూస్తున్నాడు. పైగా నెల రోజులుగా ఎడమచేతికి తోలు తొడుగొకటి. అడిగితే రంపంపొట్టు పడటం లేదంటాడు. ఊహ తెలిసినప్పటినుంచీ పొట్టులో పొర్లినవాడికి ఇప్పుడు పడకపోవడమేమిటో!

సాయంత్రం ఇంట్లో భార్యను కదిపి చూశాడు.

"నా పెట్టెలో ఏమైనా పెట్టావా?"

"నీ పెట్టె జోలికెళ్ళి బతికినవాళ్ళున్నారా? ఏం పోయింది?"

"పోలేదు. వచ్చింది."

"వస్తే సంతోషించక ఆ మొహమేంటి? అది సరే, ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోడానికి అరగంట పడుతోంది నీకు. ముందు దాని సంగతి చెప్పు."

ఒంటిదెబ్బ పనున్నట్టు పెరట్లోకి జారుకున్నాడు. అంటే ఈవిడకీ తెలుసన్నమాట. లేక తెలియక అందా? ఏదీ పాలుపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. అందరితోపాటు బయటికెళ్ళినట్టే వెళ్ళి, వెనక్కొచ్చి చెక్కపలకల దొంతర చాటున నిలబడ్డాడు. ఎంతోసేపు ఆగక్కర్లేకపోయింది. తోడల్లుడు వచ్చాడు. ముందు తన పెట్టెను బల్ల మీద బోర్లించి అంతా తడిమాడు. తర్వాత ఒంటిదెబ్బ పెట్టె తెరిచి, ముక్కు ఆనేంతగా లోపలికి వంగి వెతికి, ఆ కొత్త సుత్తిని పైకి తీశాడు.

"ఏం వెతుకుతున్నావన్నయ్యా?"

తోడల్లుడు ఉలిక్కిపడ్డాడు. "ఉలి... నీ ఉలి ఒకసారి కావలసొచ్చి..."

"చేతిలో ఉన్నది ఉలి కాదుగా."

తోడల్లుడు సుత్తి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా తోలు తొడుగు లాగేశాడు. మూడు వేళ్ళకు కట్లు, బొటనవేలి గోరు నల్లబడి ఉంది.

"నాదేరా ఇది. మేకు తల రెండుగా కనపడుతోంది నాకు. ఏది కొట్టినా వేలే నలుగుతోంది. అందుకని కొనుక్కున్నా. మొన్న దాచబోతుంటే మేడమ్ అడుగుల చప్పుడైంది. కంగారులో నీ పెట్టెలో పడేసినట్టున్నాను. రెండూ ఒక్కలాగే ఏడ్చాయి కదా!"

ఆ సుత్తి తనకోసం పెట్టింది కానే కాదని తెలియగానే ఒంటిదెబ్బకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆ కట్లు చూసి సిగ్గేసింది.

"ఎవరిదా సుత్తి?"

గుమ్మంలో యజమానురాలు.

అన్నయ్యదని ఒక్కమాటంటే చాలు. నిజం కూడా అదే. కుంచె అటు పోతుంది, బల్ల ఇటు నిలుస్తుంది, పద్నాలుగేళ్ళ పంతమూ నెగ్గుతుంది. ఒంటిదెబ్బ నోరు తెరిచాడు.

"నాది మేడమ్. వేళ్ళు మొద్దుబారి మూడు నెలలైంది."

ఎందుకన్నాడో అతనికే అర్థం కాలేదు. తోడల్లుడికి అంతకన్నా అర్థం కాలేదు.

"కాదు మేడమ్, నాది! వీడికేదో పిచ్చి పట్టింది. ఒరేయ్, మొద్దుబారడమేంట్రా? నిజమేనా?"

"ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరికి బాగాలేదు?" అందావిడ.

"ఇద్దరికీ" అన్నాడు ఒంటిదెబ్బ.

ఆవిడ ఒకసారి సుత్తినీ, ఒకసారి ఇద్దరి చేతులనూ చూసింది. "రేపు లారీ వస్తుంది. ఆ పెద్దపెట్టెకు మూత పడాలి. కొట్టండి. నేనిక్కడే ఉంటా."

ఒంటిదెబ్బ కొత్త సుత్తి అందుకున్నాడు. మూతకు వాడే మేకులు లావువి, సన్నటి గాడిలో ఇమడలేదు. పెట్టిన ప్రతిదీ జారి నేల మీద గణగణమంది. ఉత్త వేళ్ళతో నిలబెట్టబోతే అదీ జారింది. ఇక కుంచే గతి అనుకున్నాడు.

నాలుగో మేకు కిందపడలేదు. తోడల్లుడు దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, చెక్క మీద నిలబెట్టి, ఆ కట్లవేళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు.

"కొట్టరా. నీకు కనపడుతుందిగా."

ఒంటిదెబ్బ తన పాత సుత్తి ఎత్తాడు. ఆ చేయి పైన ఆగిపోవడం షెడ్డులో ఎవరూ ఎరగరు. ఇవాళ ఆగింది. తోడల్లుడి వేళ్ళు మాత్రం కదల్లేదు.

మెల్లగా ఒకటి. ఇంకొకటి. మూడోది కాస్త గట్టిగా. నాలుగో దెబ్బకి మేకు తలదాకా దిగింది.

యజమానురాలు ఆరో మేకుదాకా చూసి, "రేపటినుంచి మీకు ఒకే బల్ల" అని వెళ్ళిపోయింది.

"ఒంటిదెబ్బని పేరు పెట్టుకుని ఒక్కోదానికి నాలుగు దెబ్బలేంట్రా?" అన్నాడు తోడల్లుడు, ఏడో మేకు నిలబెడుతూ.

"నీ వేళ్ళున్నాయి కదన్నయ్యా అక్కడ" అన్నాడతను.